కుక్కను అప్పగించే ముందు ఒక కాగితం

ఇండియా ప్రయాణం ఖాయం కాగానే విమాన టికెట్ల రిఫండ్ నిబంధనలు అక్షరం వదలకుండా చదువుతాం. కుక్కను చూసుకునే బోర్డింగ్ వాళ్లిచ్చిన కాగితాల మీద మాత్రం నిలబడిన చోటే సంతకం గీకేస్తాం. అక్కడ కుక్కకు జరగరానిది జరిగితే మొదట బయటికొచ్చేవి ఆ కాగితాలే.

అమెరికాలో పెంపుడు జంతువు చట్టం దృష్టిలో ఆస్తి. ఎవరి నిర్లక్ష్యం వల్లనైనా చనిపోతే సాధారణంగా వచ్చేది దాని మార్కెట్ ధరే. దిక్కులేని జంతువుల్ని ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకున్న ఎనిమిదేళ్ల కుక్కకు బజార్లో ధరేముంటుంది? టెక్సాస్‌లో ఏవరీ అనే కుక్క పెరట్లోంచి తప్పించుకుని ఫోర్ట్‌వర్త్ షెల్టర్‌కు చేరింది. యజమాని వస్తాడు, ఉంచండని ట్యాగ్ తగిలించి ఉన్నా సిబ్బంది పొరపాటున చంపేశారు. మనోవేదనకు పరిహారం లేదని 2013లో టెక్సాస్ సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ రాష్ట్రంలో 1891 నుంచీ ఒకటే లెక్క: మార్కెట్ ధర, లేదంటే కుక్క చేసే పనికున్న విలువ. అందుకే శిక్షణ ఇప్పించిన రసీదులు పారేయకూడదు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2012లో, యజమాని కళ్లెదుటే వేరే కుక్క కరిచి చంపిన కేసులో కూడా మనోవేదనను లెక్కలోకి తీసుకోలేదు.

2025లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ జడ్జి ఒకరు కారు గుద్ది చనిపోయిన కుక్కను కుటుంబ సభ్యుడిగా పరిగణించవచ్చన్నారు. చట్టమే మారిపోయిందని సంబరపడ్డవాళ్లున్నారు. అది కింది కోర్టు తీర్పు. పైగా కుక్క గొలుసు చేతిలో పట్టుకుని, తానూ అదే ప్రమాదం అంచున ఉన్న మనిషికే వర్తిస్తుంది. మీరు విజయవాడలో ఉండగా బోర్డింగ్‌లో పోయిన కుక్కకు పనికిరాదు.

నా మటుకు టెన్నెసీ దారి నచ్చుతుంది. అక్కడి చట్టం కొన్ని షరతులతో, కుక్కా పిల్లీ పోయిన బాధకు 5,000 డాలర్ల వరకు ఇస్తుంది. వైద్యంలో పొరపాట్లకు మాత్రం వర్తించదు. పరిమితి లేకుండా తలుపులు తెరిస్తే పశువైద్యుల (వెట్ల) బీమా ఖర్చు పెరిగి, ఆ భారం మన బిల్లుల మీదే పడుతుంది. ఏమీ ఇవ్వకపోవడం మాత్రం అన్యాయం.

డబ్బు తీసుకుని చూసుకునేవారు తగినంత జాగ్రత్త చూపాలి. స్నేహం కొద్దీ ఊరికే చూసుకునేవారి మీద మాత్రం, పాత సూత్రం ప్రకారం, ఘోరమైన నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత. ‘ఖర్చులకుంచు’ అని వెన్మో యాప్‌లో పంపిన డబ్బుతో ఈ లెక్క మారవచ్చు.

కాబట్టి స్నేహితులకిచ్చినా ఒక పేజీ రాయండి. ఏ వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి, మీరు ఫోన్ ఎత్తకపోతే ఎంత ఖర్చు వరకు వైద్యం చేయించవచ్చు, ఎవరి కార్డు మీద. మన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక వాక్యం కావాలి: చక్కెరపొంగలి, పులావు పెట్టవద్దు. ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. రాసిచ్చాక ‘నాకు తెలియదండీ’ అన్న మాట నిలవదు. ప్రమాదం తెలిసిగానీ, తెలిసి ఉండాల్సింది గానీ జాగ్రత్త పడలేదా అన్నదే నిర్లక్ష్యం కేసులో కీలకం.

ఇక జరగనే జరిగితే, దహనం మేమే చేయిస్తామని బోర్డింగ్ వాళ్లన్నా ఒప్పుకోకండి. సాక్ష్యం దాంతోనే బూడిదవుతుంది. శవాన్ని వెంటనే ఫ్రిజ్ చలిలో ఉంచమనండి, ఫ్రీజర్‌లో పెట్టనివ్వకండి. గడ్డకడితే కణజాలం చెడిపోయి పరీక్ష కష్టమవుతుంది. శవపరీక్షను నెక్రాప్సీ అంటారు. టెక్సాస్‌లో కాలేజ్ స్టేషన్‌లోని ప్రభుత్వ పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్ చేస్తుంది. కెమెరా రికార్డింగులు, మేత పట్టిక చెరపవద్దని అదే రోజు ఈమెయిల్ పెట్టండి.

దావా వేయడానికి ఉన్న గడువులు మరిచిపోకండి. టెక్సాస్‌లో రెండేళ్లు. కాలిఫోర్నియాలో బోర్డింగ్ మీదైనా వెట్ మీదైనా ఒక్క ఏడాదే. అయితే అక్కడి అప్పీలు కోర్టు 2012లో, కుక్క ధర ఎంతైనా సరే, సహేతుకమైన వైద్య ఖర్చులు రాబట్టుకోవచ్చని చెప్పింది. చిన్న మొత్తాల దావాలు వినే టెక్సాస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల వరకు, కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో 12,500 వరకు దావా వేయవచ్చు. కాలిఫోర్నియాలో ఆ కోర్టులో లాయరు మీ తరఫున వాదించడానికి వీల్లేదు. వైద్యం బిల్లులు, నెక్రాప్సీ నివేదిక, ఆ ఒక్క పేజీ ఒప్పందం పట్టుకుని మీరే వెళ్లాలి.