ఒక్కొక్కటీ మార్చే దురలవాటు

మా ఆఫీసులో ఈమధ్య ఒక కొత్తమ్మాయి చేరింది. పనిమంతురాలే, కాదనను. కానీ ఒక దురలవాటు ఉంది. సర్వర్‌కు జబ్బు చేస్తే ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తుంది. అది మిగతా పిల్లలకు అంటుకోకముందే నాలుగు ముక్కలు రాయడం సీనియర్‌గా నా ధర్మం.

ముందు జబ్బు సంగతి. రోజూ పొద్దున తొమ్మిదింటికి బ్రాంచిలవాళ్ళు లాగిన్ కొట్టగానే 500 ఎర్రర్. మళ్ళీ కొడితే మళ్ళీ అదే. అలా ఓ పదిసార్లు తిట్లు పడ్డాక సైటు ఏమీ ఎరగనట్టు తెరుచుకుంటుంది. ఇక రాత్రి దాకా ఢోకా లేదు. వారం తిరక్కుండానే బ్రాంచిలవాళ్ళు కిటుకు కనిపెట్టారు. ఎవరో ఒక అమాయకుడు ముందు లాగిన్ అయ్యేదాకా మిగతావాళ్ళు టీ తాగుతూ కూర్చుంటారు. రోజూ వేళకొచ్చే ఒక క్యాషియర్ గారు కూడా తొమ్మిదింపావుకు రావడం మొదలుపెట్టారు.

బుధవారం రాత్రి అందరం కాల్‌లో చేరాం. పన్నెండు మందిమి, అందులో తొమ్మిది మంది మ్యూట్‌లో. పెద్దల నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళు మార్చేశాం. నెట్‌వర్క్ ఆయన, వచ్చే రిక్వెస్టులను గుమ్మంలో అందుకుని లోపలికి పంపే ఎంజినెక్స్ ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే టైమౌట్‌ను 60 సెకన్ల నుంచి 300 చేశాడు. జావావాళ్ళు అప్లికేషన్‌ను నడిపే టామ్‌క్యాట్‌లో ఒకేసారి పనిచేసే థ్రెడ్లను 200 నుంచి 800కు పెంచారు. డేటాబేస్ ఆయన మైఎస్‌క్యూఎల్‌లో 151 దగ్గరున్న కనెక్షన్ల హద్దును వెయ్యికి లేపాడు. ఇంకొకరు అప్లికేషన్‌ను డేటాబేస్‌తో మాట్లాడించే డ్రైవర్ వెర్షన్ మార్చారు. నేను ర్యామ్ రెట్టింపు చేయించాను. ఫైర్‌వాల్‌లో కూడా ఎవరో ఏదో చేశారు, అదేమిటో ఇప్పటికీ చెప్పరు. తెల్లవారుజామున ఐదింటికి అన్నీ రీస్టార్ట్ కొట్టి పడుకున్నాం.

గురువారం తొమ్మిదింటికి ఎర్రర్ రాలేదు.

పది కాకముందే మేనేజర్ గారికి ఆరు మెయిళ్ళు వెళ్ళాయి. ఆరుగురూ ఎవరికి వారే జబ్బు నయం చేశారు. ఇందులో తప్పేముంది? పెళ్ళికొచ్చినవాళ్ళంతా అక్షింతలు వేస్తారు, ఎవరి అక్షింతతో పెళ్ళయిందని అడుగుతామా?

శుక్రవారం తొమ్మిదింటికి ఎర్రర్ మళ్ళీ వచ్చింది. మా పద్ధతి అసలు గొప్పతనం ఇక్కడే చూడాలి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఆరు మార్పుల్లో దేన్నీ వెనక్కి తీయలేం, ఏది దేన్ని మోస్తోందో ఎవరికీ తెలియదు గనక. రీస్టార్ట్ చేసిన రోజు బాగుంది కదా అని, ఇక రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా, చెప్పిన వేళకు పనులు చేసిపెట్టే క్రాన్‌లో ఒక లైను రాసి చేతులు దులుపుకున్నాం.

అప్పుడు ఈ పిల్ల అడిగింది: "సార్, వచ్చేది 500 కదా, 502 కాదు కదా?"

అడగడమే కాక వివరించింది కూడా. 502 అయితే గుమ్మంలో ఉన్న ఎంజినెక్స్, లోపలివాళ్ళు సరిగ్గా పలకడం లేదని చెప్పినట్టట. మా ఎర్రర్ పేజీ అప్లికేషన్‌దే గనక, లోపలివాడే బయటికొచ్చి నా వల్ల కావడం లేదంటున్నట్టట. శనివారం ఏడింటికే, క్రాన్ లేవకముందే వచ్చింది. సర్వర్‌లోకి దూరి, రద్దీని పంచే లోడ్ బ్యాలెన్సర్‌నూ ఎంజినెక్స్‌నూ పక్కనపెట్టి, నేరుగా అప్లికేషన్ ఉండే 8080 పోర్టుకు కర్ల్ అనే కమాండుతో రిక్వెస్టు కొట్టింది. అదే 500. నెట్‌వర్క్ ఆయన రెండు నిమిషాల్లో నిర్దోషి అయిపోయాడు. మరి బుధవారం రాత్రంతా ఆయన ఎందుకు మేలుకున్నట్టు? మనిషి మర్యాద అంటూ ఒకటుంటుంది కదా.

తర్వాత అదే మిషన్ నుంచి డేటాబేస్‌లోకి తిన్నగా లాగిన్ అయింది. చక్కగా పలికింది. ఇక మిగిలింది మధ్యలో ఉన్న కనెక్షన్ పూల్ ఒక్కటే, అంటే డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచుకుని అడిగినవాళ్ళ చేతికిచ్చేది. మైఎస్‌క్యూఎల్ ఊరికే కూర్చున్న కనెక్షన్‌ను 28,800 సెకన్లు, అంటే 8 గంటలు భరించి తెంపేస్తుంది. ఆఖరి బ్రాంచి రాత్రి పదింటికి మూస్తే, పొద్దున ఆరుకల్లా పూల్‌లో ఉన్న పది కనెక్షన్లూ చచ్చి ఉంటాయి. పూల్‌కు ఆ కబురు తెలియదు. తొమ్మిదింటికి వచ్చినవాడి చేతిలో శవాన్ని పెడుతుంది. గురువారం ఐదింటికి రీస్టార్ట్ చేశాం గనక తొమ్మిదికి నాలుగు గంటలే అయింది, బతికి ఉన్నాయి. లింక్ తెగిందన్న మాట, అప్లికేషన్ తన సంగతులు రాసుకునే లాగ్‌లో మొదటి రోజు నుంచీ ఉందట. లాగ్ చదువుతూ కూర్చుంటే మార్పులు ఎప్పుడు చేస్తాం?

అక్కడితో ఆగినా బాగుండేది. టెస్ట్ సర్వర్‌లో ఆ 28,800ను 60 చేసింది. ఇంకేదీ ముట్టుకోలేదు. అప్లికేషన్ లేపి, ఒకసారి లాగిన్ అయి, కీబోర్డు వెనక్కి తోసి, డ్రాయరులోంచి చేగోడీల పొట్లం తీసింది. నాకూ రెండు పెట్టింది. రెండు నిమిషాలు ఆగి నొక్కింది. మధ్యాహ్నం మూడింటికి, పొద్దున తొమ్మిదింటి ఎర్రర్! అంకెను మళ్ళీ 28,800 చేస్తే పోయింది, 60 చేస్తే వచ్చింది. ఆ 60ని అలాగే ఉంచి, కనెక్షన్ చేతికిచ్చేముందు బతికుందో లేదో చూసి ఇవ్వమని పూల్ సెట్టింగుల్లో ఒక లైను రాసింది. ఎన్నిసార్లు నొక్కినా ఎర్రర్ లేదు. జబ్బు వచ్చేదాకా కాచుకోవడం తెలుసు గానీ, ఇలా కబురంపి రప్పించుకోవడం నా పదహారేళ్ళ సర్వీసులో చూడలేదు.

ఇంట్లో ఫ్యూజు ఎగిరితే మా అమ్మ కూడా ఇంతే. అన్ని ప్లగ్గులూ పీకేసి, ఒక్కొక్కటే పెడుతూ, చివరికి ఇస్త్రీపెట్టె దగ్గర దొంగను పట్టుకుంటుంది. ఆవిడకు మధ్యాహ్నం రివ్యూ మీటింగు ఉండదు గనక చెల్లిపోతోంది.

మాకు ఉంది. ఆ లైను సోమవారం ప్రొడక్షన్‌కు, అంటే అసలు సర్వర్‌కు వెళ్ళాక మేనేజర్ గారు అడగనే అడిగారు, "ఒక్క లైనుకు ఇన్ని రోజులా?" అని. ఆరు మార్పులు చేసిన రాత్రి ఆ మాట మమ్మల్ని ఎవరూ అనలేదు.

ఇప్పుడు సైటు భేషుగ్గా నడుస్తోంది. అయినా నిన్న ఆ పిల్ల నా సీటు దగ్గరికొచ్చింది. "ఆ ఎనిమిదిన్నర క్రాన్ ఒక్కరోజు తీసి చూద్దాం సార్. అది ఉన్నంతకాలం నా లైను పనిచేస్తోందో, రీస్టార్టే కాపాడుతోందో తెలియదు కదా. ఆ తర్వాత థ్రెడ్లు, ఆ తర్వాత ర్యామ్..."

నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దమ్మా అని నచ్చజెప్పి పంపాను. రిపోర్టు పద్నాలుగు పేజీలొచ్చింది. తీసుకున్న చర్యల్లో మొదటిది ర్యామ్.