మేనల్లుళ్ల హక్కుల పరిరక్షణకై ఒక విన్నపం

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో కాలం చేసిన మా పెద్ద మేనమామగారు తమ ఫిక్స్‌డ్ డిపాజిట్లలో సగభాగాన్ని వీధికుక్కలకు వైద్యం చేసే ఒక సంస్థకు రాసిపోయారన్న వార్త, పెద్దకర్మ నాడు పంక్తిలో గారెలు వడ్డిస్తుండగా బయటపడింది. ఆ దుఃఖం నుంచి మా బంధువర్గం నేటికీ తేరుకోలేదు. మామయ్యగారు పోయిన దుఃఖం నుంచి మాత్రం మూడోనాటికే తేరుకున్నాం.

నేను జంతుద్వేషిని కాను. కాని గ్రామసింహాలు ఆయనకు చేసిన సేవ ఏమిటని అడిగే హక్కు నాకుంది. రోజూ తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున ఆయన వెంట నడిచాయట! నేను ఏటా సంక్రాంతికి వెళ్లి, ఆయన పెట్టిన కొత్త బట్టలు స్వీకరించి, ఆయన రక్తపోటు ఎంత ఉందో, ఆ వీధిలో గజం ఎంత పలుకుతోందో ఒక్క ఊపిరిలో విచారించి వచ్చేవాణ్ణి.

వెంటనే వకీలును కలిశాను. మన చట్టంలో జంతువుకు ఆస్తి పొందే అర్హత లేదని, కుక్క పేర నేరుగా రాస్తే చెల్లదని ఆయన చెప్పగానే నా ప్రాణం లేచి వచ్చింది. అయితే మామయ్యగారు కుక్కల పేర రాయలేదు. సంస్థ రిజిస్టరు పేరు, నంబరుతో సహా రాసి, అమలు జరిపే బాధ్యతను ఒక స్నేహితుడికి అప్పగించి, 1925 నాటి భారత వారసత్వ చట్టం కోరినట్టు ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించారు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా అదీ చేయించారు. స్వార్జితం కనుక ఎవరికైనా ఇచ్చుకోవచ్చునట. ఇంత ముందుచూపు గల మనిషికి మేనల్లుడు కనిపించకపోవడమే విచిత్రం.

ఒకప్పుడు ఈ దేశపు చట్టానికే మా మీద కనికరం ఉండేది. అదే చట్టంలోని 118వ సెక్షను ప్రకారం, మేనల్లుడో, మేనకోడలో, అంతకంటె దగ్గరి బంధువో ఉన్న క్రైస్తవుడు ధర్మకార్యానికి ఆస్తి రాయదలిస్తే, మరణానికి కనీసం 12 నెలల ముందే ఆ వీలునామా రాసి ఉండాలి. సుప్రీంకోర్టు 2003లో ఆ సెక్షనును కొట్టివేసింది. అది హిందువులమైన మాకు వర్తించేది కాదన్న మాట నిజమే, అయినా పరుల ఇంట దీపం ఆరినా బాధ కలుగుతుంది కదా.

ఇక సంప్రదాయం సంగతి. పిండం పెట్టిన నాడు మేము పదహారుగురం మిట్టమధ్యాహ్నపు ఎండలో చేతులు జోడించి ఒక కాకిని బతిమాలాం. అది ఎంతకూ ముట్టలేదు. ఆయనకు ఏ కోరిక మిగిలిపోయిందోనని అత్తయ్య వాపోయింది. మా తమ్ముడు డిపాజిట్ల సంగతి తేలాలన్నాడు. చివరికి వీధి మలుపులోని కుంటికుక్క వచ్చి పిండం తిని వెళ్లింది. దాన్ని అదిలించిన వాణ్ణి నేనే. కాకి ముడితే మోక్షమని, కుక్క ముడితే మైలని ఎవరు నిర్ణయించారో పురోహితులవారు చెప్పలేదు, దక్షిణ లెక్క చూసుకుంటున్నారు.

మా రెండో మేనమామగారు పెదవాల్తేరులో ఉన్నారు. ఆయన అరుగు మీద పడుకునే నల్లకుక్కకు వారం రోజులుగా నేనే బిస్కెట్లు వేస్తున్నాను. ఆయన పడక కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడే వేస్తాను. ఆయన లోపలికి వెళితే పొట్లం మడిచి జేబులో పెట్టుకుంటాను.