ఖాళీ చేయించి అప్పగించాలి

హైదరాబాద్ అమీర్‌పేటలో సత్యం థియేటర్ కూల్చేసినప్పుడు ఇక్కడ అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద సంతాపసభే జరిగింది. రోజంతా పాత ఫొటోలు, ఏడుపు ఎమోజీలు, మన జ్ఞాపకాలన్నీ నేలమట్టమైపోయాయంటూ మెసేజీలు. 2023 జూన్‌లో అదే చోట మల్టీప్లెక్స్ తెరిచారు. ఇక అవే గ్రూపుల్లో స్క్రీన్ల గురించి, సౌండ్ గురించి చర్చ. ఆ చుట్టుపక్కల గజం ఎంత పలుకుతోందని కూడా ఎవరో అడిగారు. తప్పేం లేదు. థియేటర్ పోయి థియేటరే వచ్చింది కాబట్టి దాని గురించి నాకు పెద్దగా బాధ లేదు.

నా బాధంతా దానికి కాస్త దూరంలో, మెయిన్ రోడ్డు మీద ఉండిన ఒక కమర్షియల్ బిల్డింగ్ గురించి. దాని ఫొటో ఏ గ్రూపులోనూ రాలేదు. పేరు చెప్పినా ఎవరికీ గుర్తు రాదు. అడ్రస్ కూడా "మైత్రీవనం దాటి ఎడమ పక్క" అనే చెప్పుకునేవాళ్లం.

అందమైన బిల్డింగేమీ కాదు. మెట్లు పట్టపగలే చీకటిగా ఉండేవి. అంతస్తుకో బాత్రూమ్, దానికో తాళం. నిప్పంటుకుంటే బయటపడటానికి ఒక్కటే దారి, ఆ దారిలోనే జనరేటర్. కింద వరసగా మడిగెలు: జిరాక్స్, ఎస్టీడీ బూత్, ఫొటో స్టూడియో. మెట్ల కింద టైలర్. మొదటి అంతస్తులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్, ఆ పైనంతా బాయ్స్ హాస్టల్. ఇది చదివేవాళ్లలో సగం మంది అలాంటి బిల్డింగ్ మెట్లెక్కే ఈ దేశం వచ్చారని నా నమ్మకం.

నేను చెప్పేది 1999, 2000 నాటి సంగతి. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని ఎక్కడ చూసినా కోబాల్, జేసీఎల్, డీబీ2 కోర్సుల బోర్డులే. ఆ గోల తీరాక అవే బోర్డుల మీద జావా, ఒరాకిల్ వచ్చి చేరాయి. అమెరికా ఏడాదికిచ్చే హెచ్-1బీ ఉద్యోగ వీసాల కోటా 1,15,000 నుంచి 2001 ఆర్థిక సంవత్సరానికి 1,95,000కి పెరిగింది. వాషింగ్టన్‌లో ఆ అంకె పెరిగితే మా హాస్టల్లో గదికో మంచం పెరిగింది.

జిరాక్స్ షాపు అసలు వ్యాపారం సర్టిఫికెట్ కాపీలు కాదు, రన్నింగ్ నోట్స్. పేరున్న ఫ్యాకల్టీ క్లాసులో చెప్పింది చెప్పినట్టు రాసుకున్న ఎవరో అమ్మాయి నోట్సు జిరాక్స్ అన్న చేతికి వచ్చేది. దాన్నుంచి కాపీలు, ఆ కాపీల నుంచి మళ్లీ కాపీలు. మా చేతికొచ్చేసరికి ఎడమ అంచు నల్లగా మాడినట్టుండేది, ప్రోగ్రాముల్లో సెమీకోలన్లు ఎగిరిపోయేవి. కానీ ఒక పేజీ పక్కన ఆ అమ్మాయి రాసుకున్న "డౌట్, రేపు సార్‌ని అడగాలి" అన్న ముక్క మాత్రం ప్రతి కాపీలోనూ చెక్కుచెదరకుండా ఉండేది. సార్ ఏం చెప్పారో మాలో ఎవరికీ ఇప్పటికీ తెలీదు. స్పైరల్ బైండింగ్ చేసి, వైరు కొసని కటింగ్ ప్లయర్‌తో లోపలికి వంచి మరీ ఇచ్చేవాడాయన, బ్యాగు చిరక్కుండా. డబ్బులు తక్కువైతే "రేపియ్యి తమ్మీ" అనేవాడు. ఖాతా పుస్తకం పెట్టినట్టు నేనెప్పుడూ చూళ్లేదు.

ఫొటో స్టూడియో ఆయన అమెరికా ఫొటో స్పెషలిస్టు. చదరపు ఫొటో, తెల్ల బ్యాక్‌గ్రౌండ్. "చెవులు కనబడాలె, జుట్టు ఎనక్కి దువ్వు" అని దువ్వెన ఆయనే ఇచ్చేవాడు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో గానీ రాలేదు. అంతకుముందు వీసా ఇంటర్వ్యూకి చెన్నై పోవాల్సిందే. అంత దూరం పోయాక ఫొటో పనికిరాదంటారేమోనన్న టెన్షన్‌తో రెండు మూడు సెట్లు తీయించుకునేవాళ్లం. ఆ టెన్షన్ పెంచడంలో స్టూడియో ఆయన చెయ్యి కూడా ఉందని నా అనుమానం.

ఎస్టీడీ బూత్ ముందు రాత్రి పదకొండు దాటాక పావు చార్జీ కోసం క్యూ ఉండేది. దాన్ని మాత్రం ఏ జేసీబీ కూల్చలేదు, అంతకు చాలా ముందే సెల్‌ఫోన్ మూయించింది. వ్యాపారాలు అలా పోవడం మామూలే, దానికెవర్నీ తప్పుపట్టలేం. మిగతావి పోయిన పద్ధతి వేరు.

2012లో మెట్రో పనులు మొదలయ్యాయి. ఆ రోడ్డులో గోడల మీద ఎర్ర రంగుతో గీతలు, అంకెలు వెలిశాయి. ఒకసారి ఇండియా వెళ్లినప్పుడు చూద్దును కదా, మా బిల్డింగ్ ముందు భాగం నిలువునా కోసేసి ఉంది. పై అంతస్తుల హాస్టల్ గదులు రోడ్డుకి తెరుచుకున్నాయి. ఒక గోడ లేతనీలం, పక్కది గులాబీ, దానికి మేకు, మేకుకి ఎవరిదో క్యాలెండర్. 2017 నవంబర్ 29న రైలు జనానికి అందుబాటులోకి వచ్చింది. ఇవాళ అమీర్‌పేట రెండు లైన్లు కలిసే స్టేషన్. మంచిదే. పొద్దున ఎనిమిదింటికి ఆ రోడ్డు మీద బస్సు ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడినవాడెవడూ మెట్రో వద్దనడు.

అయితే మెట్రోకి పోయింది ముందు భాగమే. మిగిలిందాన్ని కూల్చి కొత్తది కట్టమని ఓనర్ కుటుంబమే బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇచ్చింది. వారసుల్లో ఇద్దరు మనలాగే అమెరికాలో ఉంటారు. ఇప్పుడక్కడ కిందంతా ఒకే షోరూమ్, అద్దాల గోడలు.

జిరాక్స్ అన్న బోరబండలో తన ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకున్నాడని తెలిసి వెళ్లాను. నోటీసు ఎన్ని రోజులిచ్చారన్నా అని అడిగితే నవ్వాడు. "నోటీసా? వాచ్‌మన్ వచ్చి దసరా దాకా టైమన్నడు. షాపుదేముంది తమ్మీ, మిషన్ తెచ్చుకున్న. గిరాకీని తెచ్చుకోలేను గద." టైలర్ ఎటు పోయాడో ఆయనకీ తెలీదు.

చట్టం ఏమీ లేదా అంటే ఉంది. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం, సొంత భూమి లేకపోయినా అక్కడ మూడేళ్లుగా కిరాయికుంటూనో పని చేసుకుంటూనో బతుకుతూ ఆ బతుకుతెరువు దెబ్బతిన్న కుటుంబాన్ని బాధిత కుటుంబంగానే లెక్కేస్తుంది. చిన్న వ్యాపారికి ఒక్కసారి సాయంగా కనీసం 25,000 రూపాయలు ఇవ్వాలంటుంది. అది ఏ మూలకన్నది తర్వాతి మాట. ముందు ఆ మూడేళ్లని ఎలా నిరూపిస్తాడు? రిజిస్ట్రేషన్ ఖర్చెందుకని అందరూ రాసుకునేది పదకొండు నెలల కాగితం. అది కూడా రెండోసారి నుంచి నోటిమాటే. కరెంటు మీటరు ఓనర్ పేరు మీద ఉంటుంది. కిరాయి చేతికిస్తాడు, రసీదుండదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయిన ఓనర్‌కి నష్టపరిహారమో, టీడీఆర్ అనే అదనపు నిర్మాణ హక్కో దక్కుతుంది. కిరాయిదారుకి టీడీఆర్‌లో వాటా లేదు. ఇక ఓనర్ తన బిల్డింగ్‌ని తానే కూల్చుకుంటే ఈ భూసేకరణ చట్టం ఆ గుమ్మమే తొక్కదు. మిగిలేది ఓనర్ మంచితనం, లేకపోతే కోర్టు మెట్లు.

అందుకే ఈ వ్యాసం మన పత్రికకు రాస్తున్నాను, హైదరాబాద్ పేపర్లకు కాదు. అలాంటి పాత బిల్డింగుల్లో చాలావాటికి ఇవాళ వారసులం మనం. తమ్ముడో బావగారో ఫోన్ చేసి ఫలానా బిల్డర్ ఫిఫ్టీ ఫిఫ్టీకి ఒప్పుకున్నాడంటారు. డ్రాఫ్టు మెయిల్లో వస్తుంది. మనం చూసేది మన వాటా ఎన్ని చదరపు అడుగులు, ఏ ఫేసింగ్, ఎన్ని నెలల్లో అప్పగిస్తాడు. తర్వాత ఇక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో జీపీఏ, అంటే మన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం, అటెస్ట్ చేయించి పంపేస్తాం. ఆ డ్రాఫ్టులో ఎక్కడో, ఓనరు కిరాయిదారులందర్నీ ఖాళీ చేయించి స్థలాన్ని బిల్డరుకి అప్పగించాలి అని ఒక వాక్యం ఉంటుంది. వాచ్‌మన్ వచ్చి చెప్పిన దసరా గడువు పుట్టేది అక్కణ్నుంచే.

ఆ వాక్యం పక్కన ఇంకో రెండు చేర్చమని అడగొచ్చు. పాత కిరాయిదారులకు ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఒకటి. కొత్త బిల్డింగ్‌లో కింద కొన్ని చిన్న మడిగెలు ఉంచి, వాటిని ముందు వాళ్లకే ఇవ్వజూపాలని రెండోది. వంద చదరపు అడుగుల గది చాలు జిరాక్స్‌కి. కట్టినన్నాళ్లూ బిల్డరు మనకి నెలనెలా అద్దె కట్టిస్తాడు కదా, అందులోంచి కొంత వాళ్లకి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

దీనివల్ల మనకి నష్టం లేదని నేను బుకాయించను. షోరూమ్ వాళ్లకి గ్రౌండ్ ఫ్లోర్ మొత్తం ఒకే హాలుగా కావాలి. నాలుగు మడిగెలు విడగొడితే అద్దె తగ్గుతుంది, బిల్డరు గొణుగుతాడు, బావగారు "నీకెందుకివన్నీ" అంటారు. ఎంత తగ్గుతుందో బిల్డర్నే లెక్కేసి పంపమనండి. ఆ కాగితం చూశాక కూడా వద్దనుకుంటే మీ ఆస్తి, మీ ఇష్టం. లెక్క కూడా అడక్కుండా సంతకం పెట్టి పంపడమే నాకు మింగుడుపడదు.