మూడంగుళాల వివాదం

గుంటూరు వారికి ఎత్తు పెంచుకోవడం కొత్త విద్య కాదు. పాత రోడ్డును తవ్వకుండా దాని నెత్తిమీదనే కొత్త రోడ్డు పోసే ఆచారం వల్ల, బ్రాడీపేట, అరండల్‌పేట వంటి పాత పేటల్లో ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన కొన్ని ఇళ్లలోకి ఇప్పుడు దిగి వెళ్లవలసి వస్తున్నది. స్తోమత గల గృహస్థులు దీనికి విరుగుడుగా ఇంటి కింద జాకీలు పెట్టించి, గోడలూ స్లాబూ పూజగదితో సహా మొత్తం ఇంటినే పైకి లేపించుకుంటున్నారు. లక్షలు పోసి ఇల్లంతటినీ మూడడుగులు లేపడానికి వెనుకాడని ఆ గృహస్థే, కమోడ్‌ను మూడంగుళాలు ఎత్తు చేయించమని డెబ్బై ఏళ్ల తల్లి అడిగితే మాత్రం, ‘చూద్దాంలేమ్మా, దసరా వెళ్లనీ’ అంటాడు. ఏ దసరా అన్నది ఆవిడ అడగదు, ఆయన చెప్పడు.

విషయం గంభీరమైనది కనుక ముందుగా కొలతలు చూద్దాం. మన ఇళ్లలో సాధారణంగా బిగించే కమోడ్ అంచు నేల నుంచి 14, 15 అంగుళాల ఎత్తున ఉంటుంది. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ సుమారు 18 అంగుళాలు. అంటే పావుగంట కూర్చుని పప్పన్నం తినడానికి ఒక ఎత్తునూ, దాని పర్యవసానానికి మరొక ఎత్తునూ మనమే నిర్ణయించుకుని, రెండో చోట పెద్దవాళ్లను మరింత కిందికి దించుతున్నామన్నమాట. దివ్యాంగుల హక్కుల కోసం అమెరికా 1990లో చేసిన చట్టాన్ని అనుసరించి వచ్చిన ప్రమాణాలు, సీటు పైభాగం 17 నుంచి 19 అంగుళాల మధ్య ఉండాలంటాయి. మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా అటూ ఇటుగా అదే మాట, 450 నుంచి 480 మిల్లీమీటర్లని, చెబుతున్నాయి. మోకాలు ఎంత మడత పడితే లేచేటప్పుడు తొడ కండరాలకు అంత శ్రమ, మోకాటి కీలు మీద అంత ఒత్తిడి. తుంటి మార్పిడి చేయించుకున్న వారిని కొన్ని వారాల పాటు పల్లపు ఆసనాల మీద కూర్చోవద్దని చాలామంది సర్జన్లు హెచ్చరించేది కూడా ఇటువంటి లెక్క వల్లనే. ఆ హెచ్చరిక రాసిన కాగితం మన ఇంటికి వస్తుంది, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతుక్కుంటుంది, బాత్‌రూం దాకా మాత్రం చేరదు.

అయితే పెద్దలు ఇన్నాళ్లూ లేవడం లేదా అని అడిగేవారున్నారు. లేస్తున్నారు. మా నాన్నగారు లేచే పద్ధతిని తలుపు ఇవతలి నుంచి విన్నవాడిని కనుక సాక్ష్యం చెప్పగలను. మొదట ఎడమచేత్తో కుళాయి మెడ పట్టుకుంటారు. కుడిచెయ్యి తువాలు కడ్డీ మీదికి పోతుంది. ‘రామా’ అని ఒక ఊపు ఊగి, లేవలేక తిరిగి కూర్చుని, కాసేపు ఆగి, ‘శ్రీరామచంద్రా’ అని లేస్తారు. ఏ రోజు ఎంత పొడుగు నామం పలికారో దాన్నిబట్టి ఆనాటి మోకాలి పరిస్థితిని మా అమ్మ వంటింట్లోంచే అంచనా వేసి, కాఫీ గదిలోకి పంపాలో హాల్లోకి పంపాలో నిశ్చయిస్తుంది. ఆ కుళాయి ఇప్పుడు నిలువుగా లేదు, నాన్నగారి వైపు వినయంగా వంగి ఉంది. దాని మొదట్లోని టైలు విచ్చుకున్నది. తువాలు కడ్డీ మరలు పట్టుకున్న ప్లాస్టిక్ గుబ్బలు, ఆయన లేచినప్పుడల్లా గోడలోంచి కాస్త తెల్లపొడి రాల్చి తమ అభ్యంతరాన్ని నమోదు చేస్తుంటాయి. పట్టుకోవడానికి గోడకు బిగించే కడ్డీ 250 పౌండ్ల, అంటే ఇంచుమించు 113 కిలోల, బరువుకు నిలవాలని పైన చెప్పిన అమెరికా ప్రమాణం. తువాలు కడ్డీ నిలవవలసింది తడి తువాలు బరువుకు. కానీ అసలు కడ్డీ బిగిస్తే ఆసుపత్రిలా ఉంటుందని ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం. జారిపడితే వెళ్లేది కూడా ఆసుపత్రికే కదా అని నేను అడగబోయి, మర్యాద కాదని మానుకున్నాను.

వాస్తు పండితుల వైఖరి మాత్రం ప్రశంసనీయం. కమోడ్ ఏ దిక్కుకు తిరిగి ఉండాలో, ఏ మూల ఉంటే యజమానికి ధననష్టమో, ఏ మూల ఉంటే అల్లుడికి ఉద్యోగనష్టమో వారు నిమిషంలో చెప్పగలరు. ఎత్తు అడిగితే మౌనం. ఈశాన్యం పెరగాలి, నైరుతి బరువుండాలి అని అన్ని దిశల్లోనూ కొలిచిన శాస్త్రంలో, కూర్చున్న మనిషి తిరిగి లేచే దిశకు చోటు దొరక్కపోవడం విచారకరం.

శానిటరీ దుకాణాల వారు పండితుల కంటే నిజాయితీపరులు. రంగు అడుగుతారు, మూత నెమ్మదిగా పడేదా అని అడుగుతారు, ఎత్తు కావాలని మనం నోరు తెరిస్తే ‘ఎవరికైనా ఆపరేషన్ అయిందా సార్?’ అని గొంతు తగ్గిస్తారు. గోడకు వేలాడే రకమైతే కోరుకున్న ఎత్తున బిగించుకోవచ్చుననే మాట నిజమే గాని, దాని ఇనుప చట్రాన్నీ నీళ్ల ట్యాంకునూ గోడలో దాచాలి కనుక అది గోడ పగలగొట్టే యోగం ఉన్నవారికే. నేల మీద నిలిచే ఎత్తయిన కమోడ్ కొనేటప్పుడు, పాతదాని గొట్టం నేలలోకి దిగుతుందా, గోడలోకి పోతుందా, గోడ నుంచి ఎన్ని అంగుళాల దూరంలో ఉందీ అన్నది కొలుచుకుని వెళ్లకపోతే, కొత్తది పెట్టెలోనే వర్షాకాలం గడుపుతుంది.

ఇక మేస్త్రి గారి ఉపాయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొత్తది కొనడం ఎందుకు దండగ, పాతదాని కిందనే దిమ్మె కట్టేద్దామని ఆయన అభయమిచ్చారు. ఆలోచన చెడ్డది కాదు. దిమ్మెను కమోడ్ అడుగుభాగం మేరకే కట్టి, కింది గొట్టాన్ని ఆ మేరకు పొడిగించి, నీరు కారకుండా అతికితే పని జరుగుతుంది. కానీ మేస్త్రి గారు ఉదారులు. ఇంత చేసి అంత చిన్నగా కట్టడం ఏం బాగుంటుందని, కమోడ్ ముందు రెండడుగుల దాకా దిమ్మెను చాచి, పైన పూల టైలు పరిచి, అంచు నున్నగా గుండ్రం చేశారు. నాన్నగారు దాని మీద కాళ్లు పెట్టి కూర్చున్నారు. కమోడ్ మూడంగుళాలు లేచింది, పాదాలూ మూడంగుళాలు లేచాయి. మోకాలు ఎక్కడున్నది అక్కడే ఉంది. అదనపు లాభంగా, రాత్రిపూట తడుముకుంటూ దిగడానికి ఒక మెట్టు ఏర్పడింది. ‘ఇప్పుడు ఎత్తుగా ఉంది కదా బాబాయిగారూ?’ అని మేస్త్రి అడిగితే, మంచివారైన మా నాన్నగారు ‘చాలా ఎత్తుగా ఉందయ్యా’ అన్నారు.

నేను ఎత్తుకు గుడ్డి భక్తుడిని కాను. పొట్టివారికి 19 అంగుళాల సీటు శిక్షే. పాదాలు నేలకు ఆనక, తొడల కింద నొక్కుకుపోయి తిమ్మిరెక్కుతుంది, విసర్జనకు అవసరమైన ఊతం పోతుంది. గొంతుక్కూర్చోవడమే మేలని వాదించే సనాతనుల మాటలోనూ శాస్త్రం ఉంది. ఆ భంగిమలో పెద్దపేగు చివరి వంపు కాస్త తిన్ననై దారి సులువవుతుంది. కనుక మోకాలి వెనుక మడత నుంచి నేలకు ఎంతుందో కొలుచుకుని, దానికి దగ్గరి ఎత్తు ఎంచుకుని, ఇంట్లో పొట్టివారి కోసం కాళ్ల కింద చిన్న పీట వేస్తే ఇరుపక్షాల గౌరవమూ దక్కుతుంది. అయితే గొంతుక్కూర్చోవడం గురించి అనర్గళంగా మాట్లాడే పెద్దమనుషులు, ఆ ఉపన్యాసాన్ని సోఫాలోంచి ఇవ్వడం నేను గమనించాను.

చివరకు మా ఇంట్లో రాజీ కుదిరింది. కొత్తపేట ఆసుపత్రుల వీధిలో, పాత కమోడ్ మీదనే బిగించుకునే నాలుగంగుళాల ప్లాస్టిక్ సీటు కొన్నాం. పక్క మరలు గట్టిగా తిప్పితే కదలదు. మర్నాటి నుంచి రామనామం ఒక్క అక్షరానికి తగ్గింది. అయితే బంధువులు వస్తున్నారంటే అమ్మ దాన్ని ఊడదీయించి, దుప్పటి చుట్టి అటక ఎక్కిస్తుంది. మొన్న తెనాలి నుంచి మా మామగారు వచ్చినప్పుడూ అదే జరిగింది. ఆయన లోపలికి వెళ్లి చాలాసేపటికి, కుళాయి వంకరను మరికాస్త పెంచి, బయటికి వచ్చి, నాన్నగారి చెవిలో అడిగారు: ‘బావగారూ, మీకూ మోకాళ్ల నొప్పులే కదా, ఎత్తు సీటు వేయించుకోలేదా?’

‘ఉంది బావగారూ. మీరు వస్తున్నారని తీసి అటక మీద పెట్టాం.’

‘అదా సంగతి. మేమూ అంతే, మీరు వచ్చినప్పుడల్లా మంచం కిందికి తోస్తాం.’