పండగకి వెళ్తే సరిపోతుందా?
ఏజెన్సీలో, అంటే ఆదివాసీల షెడ్యూల్డ్ ప్రాంతంలో, స్థిరపడ్డ గిరిజనేతరులు ఆదివాసీల పండగల్లో పాల్గొని వాళ్ల సంస్కృతిని గౌరవిస్తే చాలు, అదే సంఘీభావం అని ఒక వ్యాసంలో చదివిన మాట నాకు మింగుడుపడలేదు. మాదీ కోస్తా నుంచి భద్రాచలం వైపు వచ్చి స్థిరపడ్డ కుటుంబమే. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ ర్యాలీలో ముందు వరసలో నడిచి ఫొటోలు దిగే పెద్దమనుషుల్ని ఏటా చూస్తూనే ఉన్నాం. వాళ్లలో కొందరి మేడకి కరెంటు మీటరు ఇంట్లో పనిచేసే కోయ ఆదివాసీ పేరున ఉంటుంది, పొలమేమో తెల్లకాగితం మీద వేలిముద్రతో చేతులు మారి ఉంటుంది. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదిలీ చేస్తే చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. ప్రైవేటు గనుల కంపెనీలకి ప్రభుత్వం లీజులిచ్చినా చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా ఎన్నికలు రాగానే ఆ చట్టం సడలించమని వినతిపత్రం పట్టుకుని తిరిగేది మనవాళ్లే కదా! ‘మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం, ఎక్కడికి పోతాం’ అనే బాధ నాకు తెలుసు, అది అబద్ధమేం కాదు. పాత పట్టాలున్న పేదరైతుల సంగతి వేరు. కానీ ఆదివాసీలకి తోడుంటామనేవాళ్లు ముందు ఆ వినతిపత్రం మీద సంతకం మానాలి, బినామీ పొలం హక్కుదారుకి వదిలెయ్యాలి, గ్రామసభలో ఆదివాసీలు మాట్లాడుతుంటే మైకు లాక్కోకుండా కూర్చోవాలి.