ఫార్వర్డ్ బంతిని ఎక్కడ లాక్కున్నాడో చూడండి

అనంతపురంలో ఓ ఆదివారం పొద్దున, పిల్లల హాకీ సెలెక్షన్ మ్యాచ్. గ్రౌండ్ అంచున వేపచెట్టు కింద నా పక్కనే ఒకాయన నిలబడి ఉన్నాడు, ధర్మవరం నుంచి మొదటి బస్సుకే కొడుకును తీసుకొచ్చాడట, మగ్గం పని. పిల్లాడు లెఫ్ట్ వింగ్, అంటే ముందు వరుసలో ఎడమ అంచున ఆడుతున్నాడు. గట్టి నేల, గులకరాళ్లు, బంతి ఎప్పుడు మోకాలి దాకా ఎగురుతుందో దానికే తెలియదు. ఆ పిల్లాడు మాత్రం మ్యాచ్ మొత్తం పైకీ కిందికీ ఉరుకుతూనే ఉన్నాడు, అవతలి వాళ్ల రైట్ వింగర్ బంతి పట్టిన ప్రతిసారీ వెనకే పడి, వంగి, స్టిక్ నేలకు ఆనించి బంతి లాగేసుకుంటున్నాడు. విజిల్ అయ్యాక వాళ్ల నాయన నా వైపు తిరిగి, "ఒక్క గోలు కూడా కొట్టల్యా కదన్నా, యాడ తీసుకుంటార్లే" అన్నాడు. నిజంగానే తీసుకోలేదు. మూడు గోల్స్ కొట్టినవాడిని తీసుకున్నారు. వాడేమో తన జట్టు మీదికి దాడి వచ్చినప్పుడల్లా నడుం మీద చేతులు పెట్టుకుని సెంటర్ లైన్ దగ్గర నిలబడి చూశాడు.

చూశారా అన్యాయం అనడానికి ఇది చెప్పట్లేదు, సెలెక్టర్లది తప్పని కూడా నేను గట్టిగా అనలేను, ఎందుకో చివర్లో చెప్తాను. నన్ను పట్టుకున్నది ఆ నాయన వేసిన లెక్క. ముందు వరుసలో ఆడే ఫార్వర్డ్ అంటే గోల్. గోల్ లేకపోతే ఏం చేసినట్టు? ఈ లెక్క ఆయనొక్కడిదే కాదు, పేపర్లలో, టీవీల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో అందరిదీ ఇదే. దానికి పాత కారణం ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ ఫైనల్లో నెదర్లాండ్స్‌ను మనం 6-1తో ఓడిస్తే, అందులో 5 గోల్స్ బల్బీర్ సింగ్ ఒక్కడివే. ముందు వరుసలో ఐదుగురు ఫార్వర్డ్‌లు, వెనక జరిగేది వెనకవాళ్లు చూసుకుంటారు, అలా ఆడి గెలిచిన దేశం మనది. మా స్కూల్లో నేను ముందు వరుసలో రైట్ ఇన్ ఆడిన రోజుల్లో కూడా మా పీటీ సార్ మమ్మల్ని వెనక్కి రమ్మని ఒక్కసారీ అన్నది లేదు.

ఇప్పుడు 2024 పారిస్ ఒలింపిక్స్ చూద్దాం. మనకు కాంస్యం వచ్చింది, 8 మ్యాచ్‌ల్లో 15 గోల్స్. అందులో 10 హర్మన్‌ప్రీత్ సింగ్‌వి, అతను డిఫెండర్. ఒకటి వివేక్ సాగర్ ప్రసాద్‌ది, అతను మిడ్‌ఫీల్డర్. జట్టులో ఫార్వర్డ్‌లు ఐదుగురు: అభిషేక్, సుఖ్‌జీత్, మన్‌దీప్, లలిత్ ఉపాధ్యాయ్, గుర్జంత్. వాళ్లందరివీ కలిపితే 4 గోల్స్. అభిషేక్ 2, సుఖ్‌జీత్ 1, మన్‌దీప్ 1. మిగతా ఇద్దరికీ సున్నా. వేపచెట్టు లెక్క ప్రకారం ఐదుగురినీ ఇంటికి పంపేయాలి, కానీ ఆ ఐదుగురితోనే పతకం తెచ్చుకున్నాం, అది ఎలా కుదిరింది?

మామూలుగా చెప్పే సమాధానం, వాళ్లు డిఫెన్స్ చేశారు కాబట్టి గోల్స్ తగ్గాయని. కోచ్ క్రెయిగ్ ఫుల్టన్ 2023లో వచ్చినప్పటి నుంచీ గెలవడం కోసమే డిఫెండ్ చేద్దాం అనే పద్ధతినే చెబుతున్నాడు, కాబట్టి ఈ మాట నమ్మబుద్ధి అవుతుంది. నా ఉద్దేశంలో ఇది సగమే నిజం. డిఫెన్స్ చేయడం వల్ల ఫార్వర్డ్ గోల్స్ తగ్గవు, ఎక్కడ చేస్తున్నాడో దాన్నిబట్టి తగ్గుతాయి, లేదా పెరుగుతాయి.

హాకీ గ్రౌండ్ పొడవు 91.4 మీటర్లు. ఫార్వర్డ్ పరుగెత్తుకుంటూ వచ్చి మన 23 మీటర్ల గీత దగ్గర బంతి లాక్కున్నాడనుకోండి, అక్కడి నుంచి అవతలి గోల్‌కు దాదాపు 68 మీటర్లు. మంచి పనే చేశాడు, కానీ ఆ బంతి అవతలి డీలోకి, అంటే గోల్ ముందుండే అర్ధచంద్రంలాంటి గీత లోపలికి, చేరేసరికి ఇతను అక్కడ ఉండడు, ఉన్నా ఊపిరి ఉండదు. అదే మనిషి అవతలి వాళ్ల 23 మీటర్ల గీత దగ్గర బంతి లాక్కుంటే నాలుగు అడుగుల్లో డీ, ఎదురుగా ఇద్దరో ముగ్గురో, గోల్‌కీపర్ ఇంకా సర్దుకోలేదు. రెండూ ట్యాకిల్సే, రెండూ డిఫెన్సే, ఒకటి గోల్‌ను దూరం చేస్తుంది, ఇంకోటి ఇంటికి తెచ్చి ఇస్తుంది.

పారిస్‌లో బెల్జియంతో మ్యాచ్ గుర్తుందా? 18వ నిమిషంలో వాళ్ల డిఫెండర్లు సొంత డీలోనే బంతితో తడబడ్డారు, అభిషేక్ దాన్ని అందుకుని గట్టిగా కొట్టేశాడు. 1-0. తర్వాత 1-2తో ఓడిపోయాం, అది వేరే సంగతి. నాకు ఆ గోల్‌ను అటాక్ అనాలో డిఫెన్స్ అనాలో ఇప్పటికీ తెలియదు. డిఫెండర్లకు బంతి ఆడుకునే తీరిక ఇవ్వకుండా మీద మీదికి పోవడం, దాన్నే ప్రెస్ అంటారు, ఫార్వర్డ్ చేసే మొదటి డిఫెన్స్ అదే. ఇందులో ఉట్టి ఉరుకుడు సరిపోదు. హాకీ స్టిక్‌కు చదును ఒక వైపే, కాబట్టి మంచి ఫార్వర్డ్ నేరుగా బంతి మీదికి పోడు, డిఫెండర్‌కు సులువైన పాస్ ఎటుందో ఆ దారి మూసేలా వంపు తిరిగి పోతాడు, వాడు బలవంతంగా ఇబ్బంది ఉన్న వైపు తిప్పుకోవాలి. టీవీలో కెమెరా బంతి మీదే ఉంటుంది కాబట్టి ఈ వంపు మనకు సగం సార్లు కనపడదు.

ఈ విషయంలో మనకంటే ఎక్కువ బుర్ర పెట్టినవాళ్లు ఐస్ హాకీ వాళ్లు. మా అక్క కొడుకు టొరంటోలో ఉంటాడు, "మామా ఇది చూడు" అని అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ క్లిప్పులు పంపుతుంటాడు, అలా పట్టుకుంది ఈ పిచ్చి. అక్కడ బాగా డిఫెన్స్ చేసే ఫార్వర్డ్‌కు ప్రత్యేకంగా ఒక అవార్డే ఉంది, సెల్కీ ట్రోఫీ, 1978 నుంచీ ఇస్తున్నారు. మొదటి నాలుగేళ్లూ వరుసగా మాంట్రియల్ ఆటగాడు బాబ్ గెయినీకే వచ్చింది. కెరీర్‌లో 1160 మ్యాచ్‌లు, 239 గోల్స్. అంటే దాదాపు ఐదు మ్యాచ్‌లకు ఒక్కటి. మన లెక్కలో ఫెయిల్. కానీ అదే జట్టులో గై లఫ్లూర్ ఉన్నాడు, వరుసగా ఆరు సీజన్లు 50కి తగ్గకుండా గోల్స్ కొట్టినవాడు. పక్కన అలాంటివాడుంటే గెయినీ పని అవతలి జట్టు పెద్ద ఆటగాడిని కట్టేయడమే, గోల్ సంగతి ఇంకొకరు చూసుకుంటారు.

మన లఫ్లూర్ హర్మన్‌ప్రీత్. తేడా ఏమిటంటే అతను డిఫెండర్, కొట్టేది పెనాల్టీ కార్నర్‌లో, అంటే డీలో అవతలి వాళ్లు తప్పు చేస్తే మనకు దొరికే అవకాశంలో. కాబట్టి మన ఫార్వర్డ్ డీలోకి దూరి, అవతలి వాడి కాలికి బంతి తగిలించి కార్నర్ తెచ్చాడంటే సగం గోల్ తెచ్చినట్టే, పేరు మాత్రం ఫ్లిక్ కొట్టినవాడికి పడుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక గోల్‌కు ఇద్దరి దాకా అసిస్ట్ రాస్తారు, మన స్కోర్ షీట్‌లో కార్నర్ తెచ్చినవాడికి గడే లేదు. మా వైపు చెనక్కాయ చేను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పైన ఆకు చూసి పంట అంచనా వేస్తే మోసపోతాం.

ఇంతవరకు ఫార్వర్డ్‌ల తరఫున వాదించాను. ఇప్పుడు అవతలి వైపు. "టూ వే ప్లేయర్", అంటే అటాక్, డిఫెన్స్ రెండూ చేసేవాడు, అనే మాట ఈ మధ్య ఒక గొడుగు అయిపోయింది, డీలో చేతులు వణికే ప్రతివాడూ దాని కిందికి వచ్చి నిలబడుతున్నాడు. డిఫెన్స్ చేస్తే గోల్స్ ఎలా కొడతాం అంటారు. కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో సెర్గీ ఫెదరోవ్ 1993-94లో 120 పాయింట్లు తెచ్చుకున్నాడు, గోల్స్, అసిస్టులు కలిపి, ఆ సీజన్‌లోనే సెల్కీ కూడా, లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు కూడా. పావెల్ దట్సుక్ వరుసగా మూడేళ్లు, 2008 నుంచి 2010 దాకా, సెల్కీ గెలిచాడు, అందులో రెండు సీజన్లు 97 పాయింట్ల చొప్పున. దట్సుక్ వీడియోలు చూడండి, వెనక నుంచి దొంగలా వచ్చి అవతలి వాడి స్టిక్ కింద నుంచి పక్, అంటే అక్కడ బంతి బదులు వాడే బిళ్ల, లేపేసి, అదే ఊపులో తిరిగి దాడికి పోతాడు. అతని దొంగతనమే అతని అటాక్.

మరి బోస్టన్ ఆటగాడు పాట్రిస్ బెర్జెరాన్? ఆరు సెల్కీలు, ఇప్పటిదాకా రికార్డు, కానీ ఏ సీజన్‌లోనూ 79 పాయింట్లు దాటలేదు. ఆ 79 వచ్చిన 2018-19లోనే పక్కన ఆడిన బ్రాడ్ మార్షాండ్‌కు సరిగ్గా 100. ఆ సీజన్‌లో బెర్జెరాన్ ఆడింది 65 మ్యాచ్‌లే, అది ఒక కారణం, ఒప్పుకుంటాను. ఇంకో కారణం అతను నిలబడే చోటు. ఐస్ హాకీలో సొంత జోన్‌లో డిఫెన్స్ చేసేటప్పుడు సెంటర్, అంటే మధ్యలో ఆడే ఫార్వర్డ్, గోల్ దాకా కిందికి దిగాలి, వింగర్లు కొంచెం పైన ఉంటారు. పైగా సొంత జోన్‌లో ఫేసాఫ్, అంటే పక్ వేసి ఆట మళ్లీ మొదలుపెట్టడం, ఉంటే కోచ్ ముందు బెర్జెరాన్‌నే పంపేవాడు. పరుగు ఎక్కడ మొదలవుతుందో దాన్నిబట్టే ఫలితం. ఫెదరోవ్, దట్సుక్ కూడా సెంటర్లే కదా అని టొరంటోలోని మా మేనల్లుడు వాదిస్తాడు, నిజమే, నా సిద్ధాంతానికి అక్కడ చిన్న చిల్లు ఉంది.

ఐస్ హాకీ లెక్కలు మన హాకీకి అచ్చంగా అతకవు, అది కూడా చెప్పాలి. రింక్ పొడవు 61 మీటర్లే, స్కేట్ల మీద వెనక్కి రావడం క్షణాల పని, ముక్కాలు నిమిషం ఆడి బెంచ్ మీద కూర్చుంటారు. మన ఫార్వర్డ్ సొంత కాళ్లతో 60 మీటర్లు వెనక్కి ఉరికి, మళ్లీ 60 ముందుకు పోవాలి. ఆటగాళ్లను ఎన్నిసార్లంటే అన్నిసార్లు మార్చుకోవచ్చు గానీ ఒలింపిక్ జట్టులో ఉండేది 16 మందే. అందుకే అక్కడ ఫెదరోవ్‌లు పుడతారు, ఇక్కడ రెండూ పూర్తిగా చేసేవాడు అరుదు.

ఇంకో మాట, దీన్ని మన కోచ్‌లు ఎందుకో తక్కువ చెబుతారు. 1990లలో ఆఫ్‌సైడ్ రూల్ తీసేశాక ఫార్వర్డ్ అవతలి గోల్ దగ్గరే నిలబడినా తప్పు లేదు. వేగంగా పోయేవాడు ఒకడు సెంటర్ లైన్ దాటి నిలబడ్డాడంటే అవతలి జట్టు కనీసం ఇద్దరిని వెనక కాపలా ఉంచాలి. అంటే ఊరికే నిలబడి ఇద్దరిని దాడికి రాకుండా ఆపేశాడు. అదీ డిఫెన్సే. పారిస్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద మనకు ఆ సౌకర్యం లేకుండా పోయింది. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్, మిగతా మ్యాచ్ అంతా పది మందితోనే. అప్పుడు మన ఫార్వర్డ్‌లు మధ్య వరుస హాఫ్‌ల లాగా, హాఫ్‌లు వెనక వరుస బ్యాక్‌ల లాగా ఆడారు. 22వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ కొట్టాడు, 27వ నిమిషంలో వాళ్లు సమం చేశారు, అక్కడి నుంచి ఆట ముగిసేదాకా 1-1. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఉగ్గాని బజ్జీ ప్లేట్లోనే చల్లారిపోయింది, అంత టెన్షన్. ఒక్కొక్కరే గోల్‌కీపర్‌ను ఎదుర్కొనే షూటౌట్‌లో 4-2తో గెలిచాం, కొట్టిన నలుగురిలో ఇద్దరు ఫార్వర్డ్‌లు, సుఖ్‌జీత్, లలిత్. టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ లేని లలిత్. షూటౌట్ గోల్ టోర్నీ లెక్కలోకి రాదు, అందుకే 15లో అది లేదు.

వెనక్కి దిగడానికి ఒప్పుకోవాలంటే ఆటగాడికి పెద్ద మనసు కూడా కావాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో డెట్రాయిట్ కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్ 1988-89లో 155 పాయింట్లు చేశాడు. 1993లో స్కాటీ బౌమన్ కోచ్‌గా వచ్చి ఆట మార్చుకోమన్నాడు. మార్చుకున్నాడు. 1996-97లో 85 పాయింట్లే, గోల్స్ 22, ఆ ఏడాదే అతనికి మొదటి స్టాన్లీ కప్, లీగ్ విజేతకిచ్చే కప్పు. తర్వాత 1998, 2002 కూడా. అదే కెప్టెన్ మన దేశంలో ఉండి, గోల్స్ 65 నుంచి 22కి పడిపోతే, కప్పు వచ్చేదాకా మన టీవీ చర్చలు అతన్ని ఉండనిచ్చేవా?

అయితే ఒక చోట నాకు ఫుల్టన్ జట్టు మీద గట్టి ఫిర్యాదే ఉంది. పెద్ద జట్ల మీద ఆడేటప్పుడు ప్రెస్ మెల్లగా సెంటర్ లైన్ దాకా జారిపోతుంది, ఇంకొంచెం జారితే మన 23 దాకా. 2025 ఆసియా కప్ ఫైనల్లో రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో కొట్టాం, దిల్‌ప్రీత్ 2, సుఖ్‌జీత్ 1, నాలుగింట్లో మూడు ఫార్వర్డ్‌లవే. సుఖ్‌జీత్ గోల్ మొదటి నిమిషంలోనే. చేతకానివాళ్లు కాదన్నమాట. కొరియా మీద ముందుకు పోయినవాళ్లు జర్మనీ మీద ఎందుకు వెనక్కి జారుతారు? పారిస్ సెమీస్‌లో జర్మనీ మీద 2-3తో ఓడినప్పుడు మన రెండు గోల్స్‌లో ఒకటి హర్మన్‌ప్రీత్‌ది, రెండోది సుఖ్‌జీత్ పేరు మీద ఉంది గానీ అదీ పెనాల్టీ కార్నర్‌లో హర్మన్‌ప్రీత్ బంతిని దారి మళ్లించింది. ఒక మనిషి మణికట్టు మీద ఇంత బరువు పెడితే, అతను లేని రోజు ఏం చేస్తాం?

ఇక ఆ వేపచెట్టు కింది సంగతి. ఆ పిల్లాడు బంతి లాక్కున్న చోట్లు నాకు ఇంకా గుర్తున్నాయి. దాదాపు అన్నీ వాళ్ల సొంత డీ ముందే. అవతలి బ్యాక్‌లు బంతిని నింపాదిగా ఆడుకుంటుంటే వాళ్ల మీదికి ఒక్కసారి కూడా పోలేదు, సెంటర్ లైన్ దగ్గర ఆగి, వింగర్‌కు బంతి వచ్చాకే వెంటపడ్డాడు. ముందుకు పొమ్మని వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ల నాయనతో అదే అన్నాను, "వాణ్ని ఇంకో నలభై మీటర్లు ముందర ఇదే పని చేయమను అన్నా" అని. ఆయన స్టిక్ సంచి భుజాన వేసుకుంటూ, "నలభై మీటర్లంటే యాడికి వస్తాదన్నా" అని అడిగాడు. గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి, సగం చెరిగిపోయిన సున్నం గీత చూపించాను.