మహారాజశ్రీ టీడీఎస్ మీటరు గారికి

అయ్యా,

మా చిన్న ఊళ్లో తాగునీటి శాఖ మీ చేతికి ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. ఓట్లు పడలేదు, ప్రమాణ స్వీకారం జరగలేదు. చొక్కా జేబులో పట్టే ఒళ్లు, నీళ్లలో కరిగిన లవణాలు (టీడీఎస్) ఎన్నో చెప్పడమే పని, కొనాలంటే రెండు మూడు వందల రూపాయలు. అయినా ఊరంతా మీ మాటే చెల్లుతోంది. ప్లాంటు కుర్రాడు ఇరవై లీటర్ల టిన్ను దించి, మూత తీసి మిమ్మల్ని ముంచుతాడు. మీరు 38 అంటారు, ఇంటివాళ్ల మొహాలు వెలుగుతాయి. తర్వాత కుళాయి నీళ్లలో ముంచుతాడు. మీరు 430 అంటారు. మున్సిపాలిటీ విషం వదులుతోందని సాయంత్రానికల్లా వీధంతా తేలిపోతుంది.

తాగునీటికి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 10500. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉంటే చింత లేదని, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా సర్దుకోవచ్చని అందులో రాశారు. అంటే మీరు వేలెత్తి చూపిన ఆ 430 పాసైనట్టే. ఈ సంగతి మీరు చెప్పరు, చెప్పడానికి మీ దగ్గర నోరు లేదు. కుర్రాడూ చెప్పడు, వాడికి టిన్ను అమ్ముడుపోవాలి.

అసలు తమరు చేసే పని ఎంత? మీ కాళ్ల దగ్గర రెండు చిన్న లోహపు మొనలున్నాయి. వాటి మధ్య నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూస్తారు. ఆ లెక్కని ఒక గుణకంతో హెచ్చవేసి, వచ్చిన అంకెని లవణాల బరువుగా ప్రకటిస్తారు. ఆ గుణకం ఒక కంపెనీకి 0.5, ఇంకో కంపెనీకి 0.64, మరొకరికి 0.7. అందుకే ఒకే బిందెలో రెండు షాపుల మీటర్లు ముంచితే రెండు తీర్పులు వస్తాయి. అనుమానం ఉన్నవాళ్లు ప్లాంటు నీళ్లు రెండు లీటర్లు తీసుకుని, ఒక గ్రాము ఉప్పు తూచి కలిపి చూడొచ్చు. అంకె సుమారు 500 పెరిగితే మీరు ఉప్పు లెక్కన నిజాయతీపరులు. 700 పెరిగితే మీ గుణకం వేరే. ఏ గుణకమో మీ పెట్టె మీద సాధారణంగా రాయరు.

మీది బస్సులో తలలు లెక్కపెట్టే కండక్టరు ఉద్యోగం. ఎంతమంది ఎక్కారో చెప్పగలరు, అందులో జేబుదొంగ ఎవరో చెప్పలేరు.

ఫ్లోరైడునే తీసుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గతిలేకపోతే 1.5. ఒక బోరులో 3 ఉందనుకుందాం. ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపట్టి మచ్చలు దేరడానికి, పెద్దల కీళ్లు బిగుసుకోవడానికి అది చాలు. ఆ నీళ్ల మొత్తం టీడీఎస్ 400 అయితే, అందులో ఫ్లోరైడు వాటా మూడంటే మూడు. తమరి కచ్చితత్వం ఎంత ఘనంగా చెప్పుకున్నా రెండు శాతం అటూ ఇటూ, అంటే ఎనిమిది. దొంగ మీ తప్పులోనే దర్జాగా దాక్కుంటాడు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుని వైద్యులు గుర్తించి పత్రికకెక్కించారు. తర్వాత నల్గొండ పేరు దేశమంతా మోగింది. ఫ్లోరైడు తీసే పటిక, సున్నం, బ్లీచింగ్ పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టాల్సి వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న నేల మీద, ఫ్లోరైడు అనే మాటే వినని మిమ్మల్ని న్యాయాధిపతిని చేసి కూర్చోబెట్టాం.

పైగా ఇందులో ఒక మెలిక ఉంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడు దానితో చేరి అడుగుకు దిగిపోతుంది. కాల్షియం తక్కువగా ఉండి సోడా గుణం ఎక్కువైన నీళ్లలో గ్రానైటు రాతి నుంచి ఫ్లోరైడు ఇంకా బాగా కరుగుతుంది. అందుకని పప్పు ఉడకని, సబ్బు నురగ రాని గట్టి నీళ్ల బోరు కంటే, పక్క వీధిలో అందరూ మెచ్చుకునే తియ్యటి నీళ్ల బోరులోనే తరచు ఫ్లోరైడు ఎక్కువుంటుంది. మీరేమో గట్టి నీళ్లకు పెద్ద అంకె వేసి తిడతారు, తియ్యటి నీళ్లకు చిన్న అంకె వేసి దీవిస్తారు.

నైట్రేటు సంగతి చూద్దాం. 45 మిల్లీగ్రాములు హద్దు, అందులో సడలింపు లేదు. బోరుకు దగ్గర్లో సెప్టిక్ గుంత ఉన్నా, ఊరి చుట్టూ పొలాల్లో యూరియా దంచికొట్టినా ఇది భూమిలోకి దిగుతుంది. పాలపొడి కలిపే పసిబిడ్డ సీసాలో హద్దు దాటిన నైట్రేటు ఉంటే రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదం. కాచితే పోతుందనుకుంటారు. కాస్తే నీరు ఆవిరై నైట్రేటు ఇంకాస్త చిక్కబడుతుంది. ఫ్లోరైడుకూ అంతే. కాచడం సూక్ష్మజీవులను చంపడానికి, అందుకు కళపెళా ఒక నిమిషం మరిగితే సరిపోతుంది.

సూక్ష్మజీవులంటే గుర్తొచ్చింది, వాటితో తమరికి బొత్తిగా పరిచయం లేదు. లీటరు ప్లాంటు నీళ్లలో ఒక మిల్లీలీటరు మురుగునీరు కలిపితే మీ అంకె ఒకటి పెరిగితే గొప్ప. ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో మలంలోంచి వచ్చే ఈ-కొలై బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. ఆ గ్లాసులో వందలు, వేలు ఉండొచ్చు. మీరు మాత్రం 39 అని చల్లగా సెలవిస్తారు.

ఆ నీళ్లు తాగి విరేచనాలు పట్టుకుంటే డాక్టరు ఓఆర్‌ఎస్ రాస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరులో గ్లూకోజు పోను లవణాలే ఏడు గ్రాములు, అంటే 7000. ఇంకా నీరసిస్తే ఎక్కించే సెలైను 9000. మీ చట్టం ప్రకారం ఆ ఆసుపత్రికి సీలు వెయ్యాలి. కొబ్బరిబోండాం బండివాడిని, చారు కాచే ప్రతి ఇల్లాలినీ జైల్లో పెట్టాలి.

మీ మేనల్లుడు ఒకడున్నాడు, నాలుగు కడ్డీల కరెంటు పెట్టె. ఇంటింటికీ ఫిల్టర్లు అమ్మేవాళ్లు వాడిని వెంటబెట్టుకొస్తారు. ఒక గ్లాసులో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు, అంటే సన్నటి పొరలోంచి నెట్టి లవణాలు తీసేసినవి. కడ్డీలు ముంచి స్విచ్చి వేస్తే కుళాయి గ్లాసు నిమిషంలో తుప్పురంగు తిరిగి, పైన తెట్టు కడుతుంది. “చూశారా అమ్మా, మీ పిల్లలు తాగేది ఇదే!” అంటారు. ఆ తుప్పు నీళ్లలోది కాదు, కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుప కడ్డీ కరుగుతుంది, ఆర్వో నీళ్లలో కరెంటు సరిగా పారదు గనక కరగదు. ఈసారి వస్తే ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్చి వెయ్యమనాలి. అది కూడా అలాగే బురద అవుతుంది. అతను పెట్టె సర్దుకుంటాడు. మనం మాత్రం ఆ కడ్డీలు ముట్టుకోకూడదు, అది ఇంటి కరెంటు.

ఇక టిన్ను. మున్సిపాలిటీ నీళ్లు మన కుళాయి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ కాస్త వాసనే కాపలా. ఆర్వో ప్లాంటులో బొగ్గు ఫిల్టరు ఆ క్లోరిన్‌ని ముందే పీల్చేస్తుంది, లేకపోతే మెంబ్రేను, అంటే లవణాలను ఆపే ఆ పొర, పాడవుతుంది. బయటికొచ్చిన నీటికి కాపలావాడు ఉండడు. దాన్ని నిన్న ఎవరింట్లోనో ఎండలో పడున్న టిన్నులో, ఒక్కసారి గలగలలాడించి పారబోసి నింపుతారు. లోపల పచ్చటి పాచి గీత కనిపిస్తే ఆ టిన్ను వెనక్కి పంపాల్సిందే. ఇంట్లో పంపు పెట్టిన డిస్పెన్సరు కుళాయిని విప్పి కడిగేవాళ్లు ఎంతమంది? అక్కడ జిగురు పట్టినా మీరు 38 అనే అంటారు.

మున్సిపాలిటీని వెనకేసుకొస్తున్నామని అనుకోకండి. గంటసేపు నీళ్లు వదిలి మిగతా రోజంతా పైపు ఖాళీగా ఉంచితే, మురుగు కాలవ కింద కారే జాయింటులోంచి లోపలికి ఏం చేరుతుందో ఇంజినీరుకి తెలుసు. అందులో మన చేయి కూడా ఉంది. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లు, పక్కింటి నీళ్లతో పాటు కాలవ నీళ్లనూ లాగుతున్నారు. నేలలో చిన్న సంపు కట్టి, దానంతటది నిండాక అందులోంచి మోటారుతో పైకెక్కించుకోవాలి. నీళ్లు వదిలిన మొదటి అయిదు నిమిషాలవి వాకిలి కడగడానికి వాడాలి.

పైన ట్యాంకు కడగడం ఏడాదికి రెండుసార్లు. వెయ్యి లీటర్ల ట్యాంకులో అడుగు మడ్డి తీసేసి, నీళ్లు నింపి, తాజా బ్లీచింగ్ పౌడరు 150 గ్రాములు బకెట్లో పేస్టులా కలపాలి. సున్నం అడుగుకు దిగాక తేట మాత్రమే పొయ్యాలి. రాత్రంతా ఉంచి మొత్తం వదిలెయ్యాలి, తాగకూడదు. రోజువారీ తాగే నీటికి అదే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, కలిపాక గంట ఆగాలి. మూత తీసి పెట్టిన పాత బస్తా పౌడరులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది, దానితో సున్నం వేసుకోవడమే. క్లోరిన్ ఉందో లేదో చూడటానికి మీరు పనికిరారు. క్లోరోస్కోపు కావాలి. చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి.

మురుగు కలిసిందేమో చూడాలంటే హెచ్2ఎస్ సీసా ఉంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైతే నల్లబడుతుంది. ఆ సీసాని మళ్లీ వంటింట్లో తెరవొద్దు. బ్లీచింగ్ కలిపి పారెయ్యాలి. ఫ్లోరైడు, నైట్రేట్లకు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పోవాలి. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి, బోరు లోతు, తేదీ రాసి ఇవ్వాలి. సూక్ష్మజీవుల పరీక్షకు సీసా వాళ్లే ఇస్తారు. రెండు మూడు నిమిషాలు కుళాయి వదిలేశాక పట్టి, ఐసులో పెట్టి, ఆరు గంటల్లోపు చేర్చాలి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయిస్తే బోరు గుణం తెలుస్తుంది.

ఇంత తిట్టాక మిమ్మల్ని చెత్తబుట్టలో వెయ్యమని అనం. మీకు తగిన ఉద్యోగం ఒకటుంది. ఇంట్లో ఆర్వో ఉన్నచోట, లోపలికెళ్లే నీటి అంకె, బయటికొచ్చే నీటి అంకె నెలకోసారి చెప్పండి. 900 పోయి 60 వస్తే మెంబ్రేను ఆరోగ్యంగా ఉన్నట్టు. 200 దాటడం మొదలైతే దాని ఆయుష్షు తీరుతున్నట్టు, ఫ్లోరైడు కూడా జారిపోతున్నట్టు. రుచి కోసం పచ్చి నీళ్లు కలిపే స్క్రూ ఎవరైనా తిప్పారేమో కూడా అప్పుడే చూసుకోవాలి. కుళాయి నీళ్లు 500 లోపు ఉండి, ఫ్లోరైడు, నైట్రేటు కూడా హద్దులోనే ఉంటే ఆ ఇంటికి ఆర్వోనే అక్కర్లేదు. అలాంటి చోట ఆర్వోను నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. ఒక లీటరు తాగడానికి రెండు మూడు లీటర్లు కాలవ పాలు చేసే యంత్రం అది. ఆ వృథా నీటితో గచ్చు తుడుచుకోవచ్చు, మొక్కలకు పొయ్యడానికి ముందు మాత్రం మిమ్మల్ని ఒక మాట అడుగుతాం. ఉప్పు ఎంతుందో చెప్పడంలో మీరు నిజంగానే ఘనులు.

ఇట్లు,
కుళాయి నీళ్ల వినియోగదారులు

తా.క.: తమరి పొట్టలో ఉండే రెండు బిళ్ల బ్యాటరీలు అయిపోయాక వాటిని కిటికీ గట్టు మీద వదిలెయ్యకుండా చూడండి. పసిపిల్లలు మింగితే అవి అన్నవాహికలో ఇరుక్కుని గంటల్లోనే కాల్చేస్తాయి. అప్పుడు వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.